తీగలు తెంపిన రాత్రి గురించి రాయాలా, వద్దా?

అరవై తొమ్మిదేళ్ల డ్రమ్మర్ ఒకరు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కనుక అవి తీసేసి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆయన స్టూడియోల్లో రికార్డింగుకు ఇంత అని తీసుకుని వాయించిన మనిషి. ఏ బృందంలోనూ సభ్యుడు కాదు. 1981 నుంచి 1987 దాకా ఒక రాక్ గిటారిస్టు రికార్డింగులన్నిటికీ, కొన్ని కచేరీలకూ ఈయనే డ్రమ్స్ వాయించారు. ఆ గిటారిస్టుకు ఎంత ప్రతిభావంతుడని పేరో అంత వింతమనిషనీ పేరు. మొదటిరోజు నుంచే స్టూడియో గోడ గడియారానికి నల్ల కాగితం అంటించేవారట. దీపాలన్నీ ఆర్పించి, గోడవైపు తిరిగి కూర్చుని వాయించేవారట. తరువాతి రోజుల్లో, లయ తప్పకుండా చెవిలో టిక్కుటిక్కుమనే క్లిక్ ట్రాక్ పెడితే హెడ్‌ఫోన్స్ తీసి విసిరికొట్టేవారు. 1984లో ఒక ఆల్బమ్ మొదలుపెట్టేముందు డ్రమ్స్ దగ్గరికి వచ్చి, సింబల్స్ అనే కంచు పళ్లేలన్నీ స్టాండ్లతో సహా తనే ఎత్తుకుపోయి బయట వరండాలో పెట్టి వచ్చారు. ఎందుకో చెప్పలేదు. ఎలా వాయించాలో మాత్రం చెప్పారు: “వాన వెలిశాక చూరు నుంచి చుక్క పడుతుందే, అలా.”

అన్నిటికంటే పెద్ద కథ 1986 నాటి కచేరీది. పాట సగంలో ఉండగా గిటారిస్టు జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, ఆరు తీగలూ ఒక్కొక్కటే తెంపేసి, వేదిక దిగి వెళ్లిపోయారు. మన డ్రమ్మర్ ఏడు నిమిషాలు ఒక్కరే వాయించి కచేరీ నిలబెట్టారు. ముప్ఫై ఏళ్లుగా ఏ నలుగురు కలిసినా ఆయన చేత ఈ కథలు చెప్పించుకుని నవ్వుతారు.

గిటారిస్టు మూడేళ్ల క్రితం చనిపోయారు. ఇప్పుడు ఒక ప్రచురణకర్త ఈయన జ్ఞాపకాలను పుస్తకంగా వేస్తామంటున్నారు. వారికి కావలసింది ‘ఆ పిచ్చి కథలే’. సంగతి తెలిసి గిటారిస్టు కూతురు ఫోన్ చేశారు. 1983 నుంచి తన తండ్రికి చెవుల్లో ఆగని హోరు ఉండేదని, కీచు శబ్దాలు సూదుల్లా గుచ్చుకునేవని, బయటికి పొక్కితే ఎవరూ పని ఇవ్వరని చివరిదాకా దాచారని చెప్పారు. చెప్పాక, “ఇది మాత్రం రాయకండి, నవ్వులపాలు కూడా చేయకండి” అన్నారు.

పైగా, బేస్ గిటారు వాయించిన పాత మిత్రుడు ఆ రాత్రి తెగింది రెండు తీగలేనని, అవి కూడా పాట అయిపోయాకేనని అంటున్నారు. వీటన్నిటి అడుగున మరో పాత గాయం ఉంది. సింబల్స్ లేని ఆ ఆల్బమ్‌లో, ఆ గిటారిస్టుకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చిన పాటకు ప్రాణమైన దరువు ఈయన కట్టిందే. కవరు మీద రచన అన్నచోట గిటారిస్టు పేరొక్కటే ఉంది. తరువాత వచ్చిన ముద్రణల్లో డ్రమ్స్ ఎవరు వాయించారో కూడా లేదు. “పోయిన మనిషి మీద ఇప్పుడు ఫిర్యాదు చేస్తే లోకం నన్నేమంటుంది? చేయకపోతే నేను అక్కడ ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది?” అని ఉత్తరం ముగించారు.

డ్రమ్మర్ గారూ,

మీ పదకొండు పేజీల్లో తొమ్మిది ఆయన చేసిన వింత పనుల గురించే. ఒకటిన్నర పేజీ పేరు గురించి, డబ్బు గురించి. మధ్యలో, అయిదో పేజీ అడుగున, ఓ పది పన్నెండు వాక్యాలున్నాయి. మీరు వాటిని రాసి దాటిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. దీపాలు ఆర్పేస్తే ఆయన చేతులు మీకు కనిపించేవి కావు. క్లిక్ ఉండేది కాదు. మరి ఇద్దరూ ఒక్కసారిగా ఎలా ఎత్తుకునేవారు? ఆయన కుర్చీ పైన వేలాడదీసిన మైకులోంచి ఆయన ఊపిరి మీ హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చేదని, తీగ మీటేముందు ముక్కుతో చిన్నగా గాలి పీల్చేవారని, అది ముగిసేచోట మీ కుడికాలు కిక్ డ్రమ్ మీద పడేదని రాశారు. నిదానంగా పీలిస్తే వరస సాగుతూ వస్తుందని, తెగినట్టు పీలిస్తే తరుముకొస్తుందని మూడో రోజుకే మీ కాలికి తెలిసిపోయిందట.

గడియారానికి కాగితం అంటించిన సంగతి ఆ స్టూడియో ఊడ్చే మనిషి కూడా చెప్పగలరు. ఆ ఊపిరి సంగతి చెప్పగలిగినవారు మీరొక్కరే. నేను కింద చెప్పేదంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

ముందు సింబల్స్ దగ్గరికి వెళదాం. నేను వైద్యుణ్ని కాను, కానీ ఇంతవరకు తెలుసు: పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవారి వినికిడి మొదట కీచు శబ్దాలుండే 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య, అందులోనూ 4,000 దగ్గర దెబ్బతింటుంది. హోరు దానికి తోడవుతుంది. కొందరికి మామూలు శబ్దాలే భరించలేనంత గట్టిగా తోస్తాయి. మీ కంచు పళ్లేల మోతలో చాలా బలం ఆ ఎత్తులోనూ, అంతకు పైనా ఉంటుంది. క్లిక్ ట్రాక్ అయితే ఆ టిక్కుటిక్కును తిన్నగా చెవిలోకే కొడుతుంది. కూతురు చెప్పిన సంవత్సరం 1983. సింబల్స్ వరండాలోకి వెళ్లింది 1984లో. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, మీరు ముప్ఫై ఏళ్లు నవ్వుతూ చెప్పిన కథ అదే కథగా మిగలదు. ఆ మనిషి నొప్పి లేకుండా తన సంగీతం చేసుకునే దారి ఒకటి వెతుక్కున్నారు. ఆ దారిలో మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

అయితే వెంటనే ఒక హెచ్చరిక కూడా. గడియారం మీద కాగితం, ఆర్పేసిన దీపాలు 1981 నుంచీ ఉన్నాయని మీరే రాశారు. వాటికి చెవి జబ్బుతో సంబంధం ఉండకపోవచ్చు. అందరూ ఆయన్ను పిచ్చివాడన్నారు. మీరు ఇప్పుడు ప్రతి చేష్టకూ ఒక జబ్బు అంటగడితే ఆయన రోగిగా మిగులుతారు. రెండింటిలోనూ సంగీతకారుడు కనబడడు. కారణం తెలిసినచోట చెప్పండి. తెలియనిచోట ఆయన ఏం చేశారో, దానివల్ల మీ వాయింపు ఎలా మారిందో చెప్పి ఊరుకోండి.

మీలాంటి సందిగ్ధమే రాక్ గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ విషయంలో ఆయన స్నేహితులకు ఎదురైంది. పింక్ ఫ్లాయిడ్ బృందం నుంచి 1968లో బయటికి వచ్చేనాటికే ఆయన మనఃస్థితి బాగాలేదు. 1970లో వచ్చిన తొలి సొంత ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఆయన గిటారు, గొంతు ముందే రికార్డయి ఉన్నాయి. వాటి మీద రాబర్ట్ వయట్ అనే డ్రమ్మర్ తరువాత డ్రమ్స్ వాయించారు. ఆవర్తం ఒకచోట పొడుగు, ఒకచోట కురచ. ఎక్కడ మలుపు వస్తుందో అంచనా లేకుండా ఆ గొంతును వెంబడించి వాయించడం ఎంత కష్టమో నాకంటే మీకే బాగా తెలుస్తుంది. అదే ఆల్బమ్‌లో మరికొన్ని పాటలను పూర్తిచేసిన పాత మిత్రులు బారెట్ తడబడి ఆగిపోయిన ఆరంభాలను, మధ్యలో మాటలను తీసేయకుండా ఉంచేశారు. ఆ ఆల్బమ్ పనిని అంతకుముందు నడిపించిన మాల్కమ్ జోన్స్‌కు అది బొత్తిగా నచ్చలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించారని కొందరు, పడిపోతున్న మనిషిని బజారులో నిలబెట్టారని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం వయట్ చేసిన పని గొప్పగా అనిపిస్తుంది. తడబడే గొంతును ఆయన దిద్దలేదు, ఎత్తిచూపలేదు. దాని పక్కన నడిచారు. మీ పుస్తకానికి నేను కోరుకునే తీరు అదే.

ఇక తీగలు తెంపిన రాత్రి. మీ మిత్రుడు అబద్ధం చెబుతున్నారని మీరు కోపగించుకున్నారు. ఆయన అబద్ధం చెప్పనక్కరలేదు, మీరూ చెప్పనక్కరలేదు. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక కొత్త కథను చదివినవారి చేత మళ్లీమళ్లీ చెప్పించారు. చెప్పినకొద్దీ కథ కురచైంది, తమ అలవాటుకు సరిపడని వివరాలు రాలిపోయాయి, తెలిసిన వివరాలు వచ్చి చేరాయి. చెప్పేవారికి మాత్రం తాము చెబుతున్నది అచ్చంగా అదే కథ. మీరు ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? నవ్వు ఎక్కడ వస్తుందో మీకు తెలుసు. నవ్వు వచ్చేచోట కథ గట్టిపడుతుంది. రెండు తీగలు ఆరు కావడానికి ముప్ఫై ఏళ్లు చాలా ఎక్కువే.

కనుక రాసేముందు వెతకండి. ఆ కచేరీని సౌండ్ బోర్డు నుంచి ఎవరైనా టేపు చేశారా? వెనుక వరసలో కూర్చున్న ఏ అభిమాని దగ్గరైనా క్యాసెట్ ఉందా? దొరికితే గడియారం పెట్టి కొలవండి. మీరు ఒక్కరే వాయించింది రెండు నిమిషాలే అయితే రెండనే రాయండి. వేదిక మీద ఒంటరిగా రెండు నిమిషాలంటే ఏమిటో వాయించేవారికి తెలుసు, వాయించనివారికి మీరు చెప్పగలరు. టేపు దొరకకపోతే మీకు గుర్తున్నది ఒకటి, మీ మిత్రుడికి గుర్తున్నది మరొకటి అని రెండూ రాయండి. పాఠకుడు మిమ్మల్ని తక్కువగా చూడడు. మిగతా పుస్తకాన్ని ఇంకా ఎక్కువ నమ్ముతాడు.

కూతురి మాట చాలా బరువైనది. మీ ముందు కొన్ని దారులున్నాయి, ఏ దారిలోనూ కొంత పోగొట్టుకోక తప్పదు.

ఆమె మాట అక్షరాలా పాటించి చెవుల సంగతి వదిలేయవచ్చు. అప్పుడు సింబల్స్ కథ కూడా వదిలేయాలి. ఇక్కడ నేను గట్టిగానే చెబుతున్నాను: కారణం తెలిశాక ఆ కథను పాత పద్ధతిలో నవ్వు కోసం చెబితే అది జ్ఞాపకం కాదు, తెలిసి చేసే అన్యాయం. రెండూ చెప్పండి, లేదా రెండూ మానండి. మానితే మీ ఉత్తమమైన పని ఎలా పుట్టిందో చెప్పే అధ్యాయం పోతుంది. ఆ దరువులో సింబల్స్ లేవు కనుకే అది అందరి చెవిలోనూ పడింది.

అనుమతి లేకుండా అంతా రాసేయవచ్చు. చాలా దేశాల్లో మరణించినవారి తరఫున పరువునష్టం దావా నడవదు, కొన్నిచోట్ల కుటుంబం వెళ్లే వీలుంది. మీ కథలో బతికున్నవారు వచ్చినచోట మాత్రం ఎక్కడైనా జాగ్రత్త అవసరమే. చట్టం సంగతి అలా ఉంచండి. ఆమె మిమ్మల్ని నమ్మి ఫోన్‌లో చెప్పిన మాట అది. ఆ నమ్మకాన్ని దాటితే ఆమెను పోగొట్టుకుంటారు. నాన్నను దగ్గరగా ఎరిగిన కొద్దిమందిలో మీరొకరు అన్న తలంపు ఆమెకూ పోతుంది. ఆ నష్టం ఆమెకు ఎక్కువ.

మూడో దారి, ఆ ఒక్క అధ్యాయం రాసి ముందు ఆమెకు చదవడానికి ఇవ్వడం. ఇచ్చేటప్పుడు మాట స్పష్టంగా ఉండాలి. తప్పులుంటే దిద్దమంటున్నారా, వద్దంటే తీసేస్తానంటున్నారా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది. అది తేల్చుకోకుండా పేజీలు పంపితే చివరికి ఇద్దరూ మోసపోయామనుకుంటారు. ఆమె వద్దన్నది రెండు విషయాలు: జబ్బు బయటపెట్టవద్దని, నవ్వులపాలు చేయవద్దని. నాకు మొదటిదాని వెనుక ఉన్నది కూడా రెండోదే అనిపిస్తోంది. ఊపిరి మీద మీరు రాసిన ఆ పన్నెండు వాక్యాలు ఆమె చదివితే భయం కొంత తగ్గవచ్చు. తగ్గకపోవచ్చు కూడా. అందుకు సిద్ధపడే ఇవ్వండి. రాక్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన చెవుల సంగతి బహిరంగంగా మాట్లాడాక ఎందరో వాద్యకారులు చెవులకు రక్షణ వాడటం గురించి ఆలోచించారని ఆమెకు చెప్పవచ్చు. కానీ ఆయన తన గురించి తానే చెప్పుకున్నారు. మీ గిటారిస్టుకు ఆ అవకాశం ఇప్పుడు లేదు. అందుకే చివరి మాట ఆమెదే కావాలని నాకనిపిస్తుంది.

ఇంకొకటి కూడా వీలవుతుంది. అంతా పూర్తిగా రాసో, గొంతుతో రికార్డు చేసో ఒక శబ్ద భాండాగారానికి అప్పగించవచ్చు. ఫలానా ఏడు దాకా తెరవకూడదని షరతు పెట్టుకునే పద్ధతి అలాంటిచోట్ల ఉంది. డబ్బు రాదు, మీ జీవితకాలంలో ఎవరూ చదవకపోవచ్చు. కానీ పోదు.

ప్రచురణకర్త గురించి ఎక్కువ చెప్పను. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, సింబల్స్ లేని ఆ ఆల్బమ్ అధ్యాయాన్ని నమూనాగా పంపండి. కూతురు ఇంకా ఒప్పుకోకపోతే ఊపిరి అధ్యాయం పంపండి. వారికి అది నచ్చకపోతే మీకూ వారికీ కుదరదని తెలిసిపోతుంది. శీర్షిక, అట్ట మీది మాటలు మీకు చూపించకుండా ఖాయం చేయకూడదని రాయించుకోండి. లోపల మీరెంత మర్యాదగా రాసినా, పైన ‘పిచ్చి’ అన్న మాట పెద్ద అక్షరాల్లో పడితే కూతురు చూసేది దాన్నే.

ఇప్పుడు మీ గాయం. దీన్ని పుస్తకంలో కలపకండి, దాచుకోకండి కూడా. దీనికి వేరే పద్దు తెరవండి.

పాట రచనలో వాటా, వాయింపుకు వచ్చే హక్కు అని రెండు ఉన్నాయి. రచన అంటే చట్టాలు చాలాకాలంగా వరసనూ మాటలనే చూస్తున్నాయి, దరువును రచనగా ఒప్పించడం కష్టం. ఆలస్యం ఒక్కటే అడ్డు కాదనడానికి ఉదాహరణ ఉంది. మాథ్యూ ఫిషర్ అనే ఆర్గన్ వాద్యకారుడు 1967 నాటి పాటలో తాను వాయించిన ఆర్గన్ వరస కోసం 2005లో దావా వేస్తే, 2009లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన వాటాను ఖాయం చేసింది. కానీ అది వరస, మీది దరువు. ఎక్కువ ఆశ పెట్టుకోకుండా, మీ దేశపు కాపీరైట్ చట్టం తెలిసిన న్యాయవాదిని ఒకసారి అడగండి. పుస్తకం అచ్చు కాకముందే అడగండి. “ఆయన చెప్పారు, నేను వాయించాను” అని మీరు వినయంగా రాసిన ఒక్క వాక్యమే రేపు మీకు ఎదురు సాక్ష్యం కావచ్చు.

వాయింపు హక్కు సంగతి మెరుగు. 1961 నాటి రోమ్ ఒప్పందం దగ్గర నుంచి చాలా దేశాలు ప్రసారాల ఆదాయంలో వాద్యకారులకూ భాగం ఇస్తున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో అయితే రికార్డింగుల రక్షణను 50 ఏళ్ల నుంచి 70కి పెంచినప్పుడు, ఆ అదనపు కాలంలో వచ్చే రాబడిలో 20 శాతం మీలా ఒక్కసారే డబ్బు తీసుకుని వాయించినవారి కోసం పక్కన పెట్టాలన్నారు. ఇలాంటివి అడిగి నమోదు చేసుకున్నవారికే అందుతాయి. మీ పేరు లేని ముద్రణలే తిరుగుతున్నాయి కనుక రుజువులు మీరే చూపాలి: టేపు పెట్టెలో ఉండే, ఏ వాద్యం ఎక్కడ రికార్డయిందో రాసిన ట్రాక్ షీట్లు, చెల్లింపు రసీదులు, మీ పాత డైరీలు. అటక మీద రెండు టేపు రీళ్లున్నాయని రాశారు. దయచేసి వాటిని ఎవరి చేతా ఆడించకండి. ఆనాటి టేపుల్లో చాలావాటి జిగురు తేమ పీల్చి అంటుకుపోతుంది, ఆడిస్తే పూత ఊడి వస్తుంది. పని తెలిసినవారు వాటిని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, అప్పుడు నకలు తీస్తారు.

పేరు కోసం ఎదురుచూసిన మొదటివారు మీరు కారు. రాక్ గాయకుడు కెప్టెన్ బీఫ్‌హార్ట్ 1969 నాటి ఆల్బమ్‌కు జాన్ ఫ్రెంచ్ డ్రమ్స్ వాయించడమే కాదు, బీఫ్‌హార్ట్ పియానో మీద మోగించిన ముక్కలను కాగితం మీద పెట్టి బృందానికి నేర్పారు. తొలి ముద్రణ మీద ఫ్రెంచ్ పేరే లేదు. రాక్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ తొలి రెండు సొంత ఆల్బమ్‌లను 2002లో మళ్లీ వేసినప్పుడు లీ కర్స్‌లేక్ డ్రమ్స్‌ను చెరిపి వేరేవారి చేత వాయించి పెట్టారు. 2011 ముద్రణలో ఆయన వాయింపు తిరిగి వచ్చింది. ఇది చదివితే మీ బాధ తగ్గదని తెలుసు. కవరు మీద జరిగినదాన్ని తరువాతి కవరు దిద్దగలదని చెప్పడానికే చెప్పాను.

మీ పాత రికార్డింగుల హక్కులు కూతురి చేతిలో ఉంటే, తరువాతి ముద్రణలో డ్రమ్స్ అన్నచోట మీ పేరు వేయమని అడగండి. ఇది డబ్బు అడగడం కాదు, ఫిర్యాదు కాదు, నిజం అడగడం. కానీ ఆ ఉత్తరాన్నీ, చెవుల అధ్యాయం గురించిన ఉత్తరాన్నీ ఒకే కవరులో పెట్టకండి. ఒకే నెలలో కూడా పంపకండి. నా పేరు వేస్తే మీ నాన్న రహస్యం దాస్తాను అన్న అర్థం ఆ రెంటి మధ్య ఎక్కడా దూరకూడదు. మీకు అలాంటి ఉద్దేశం లేదని నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక ఆమె ఒంటరిగా ఆలోచించుకునేటప్పుడు ఆమెకూ తెలియాలి.

పుస్తకంలో దరువు గురించి ఎంత చెప్పాలి? అది పుట్టిన మధ్యాహ్నాన్ని చెప్పండి, అంతే. సింబల్స్, వాటి స్టాండ్లు లేని డ్రమ్స్ ముందు మీరు కూర్చున్నారు. కుడిచేతికి అలవాటైన చోటు లేదు. ఆ చేయి గాలిలో ఆగి, చివరికి స్నేర్ అనే చిన్న డ్రమ్ అంచు కడ్డీ మీద వాలింది. చూరు చుక్కలా ఒకటి, కొంత ఆగి ఒకటి. పక్క గదిలో సౌండ్ ఇంజనీరు అడగకుండానే టేపు తిప్పారు. ఇదంతా మీ ఉత్తరంలో ఉన్నదే. ఇది చదివినవారు ఆ దరువు ఎవరిదని అడగరు.

మొదలుపెట్టేటప్పుడు కాగితం ముందు కూర్చోకండి. సింబల్స్ తీసేసి డ్రమ్స్ ముందు కూర్చోండి, దీపం ఆర్పండి, పక్కన ఫోన్‌లో రికార్డింగు పెట్టుకుని వాయిస్తూ మాట్లాడండి. కాలు ఆగినచోట ఎందుకు ఆగిందో అప్పటికప్పుడే చెప్పండి. తరువాత కాగితం మీద పెట్టుకోవచ్చు. ఆ రికార్డింగులో ఒక సంగతి తప్పకుండా ఉండాలి, మీ ఉత్తరంలో అది దొరక్క నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి వెతికాను. ఆయన ఊపిరి పీల్చడం ముగిశాక, మీ కాలు పడేలోపు, మధ్యలో ఎంతసేపు ఉండేది?